ఇద్దరెత్తుకోవలసిన వక్కాకు

గౌరవనీయులును, మా ఇంటికి ఏకైక జామాతయు నగు శ్రీ మోషే గారి సముఖమునకు—

మీ మామ, ఆళ్ళగడ్డ బోర్డు పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందిన జకరయ్య ఆశీర్వదించి వ్రాయునది. దేవుని కృప మీకును మీ గృహమునకును తోడై యుండును గాక. ఇక్కడ నేనును, మీ అత్తగారు హన్నమ్మయు, సెలవులకు వచ్చిన మీ భార్య చిరంజీవి సౌభాగ్యవతి అరుణకుమారియు, మనుమరాండ్రు నలుగురును క్షేమము. అక్కడ మీ యొక్కయు, మీ అమ్మగారి యొక్కయు క్షేమము కోరుచున్నాము.

పైన తేది లేదు, ఊరి పేరు లేదు. గమనించే ఉంటారు. నా తరగతిలో ఏ పిల్లవాడైనా ఇటువంటి ఉత్తరం వ్రాసి తెస్తే సగం మార్కులు తీసివేసి, మిగిలిన సగం ఎందుకు ఇచ్చానా అని ఆలోచించేవాణ్ణి. కాని ఈసారి తెలిసే వదలిపెట్టాను. తేదీ, స్థలమూ ఉన్న కాగితం మీ కచేరీలో ఫైలు ఎక్కుతుంది. ఫైలు ఎక్కిన మనిషి మళ్ళీ మనిషిగా దిగడం నేను చూడలేదు. ఈ ఉత్తరంలో మా పల్లెవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు ఫైలు ఎక్కడం నాకు ఇష్టం లేదు. కనుక మీరు దీనిని కచేరీలో విప్పి ఉంటే దయచేసి మడిచి, ఇంటికి పోయి చదవండి.

మీ ఉత్తరం ముట్టింది. మంచి కోపంలో వ్రాసినట్టున్నారు; కర్త ఉన్నచోట క్రియ లేదు, క్రియ ఉన్నచోట విరామచిహ్నం లేదు. అయినా భావం బోధపడింది. శిరివెళ్ల దాటి మా పల్లెకు లారీ పంపారు. నలభైమంది మగవాళ్ళు ఎక్కి నంద్యాలలో కుటుంబనియంత్రణ ఆపరేషను శిబిరానికి రావలసి ఉండగా, పదిమంది మగవాళ్ళు, వాళ్ళ పెండ్లాలు, చంకల్లో పిల్లలు, పైగా ఒక గాజుల మూట దిగాయి. డాక్టరుగారి ఎదుట మీకు తలవంపులయింది. ‘మీ ఊరివాళ్ళు మాట తప్పారు మామగారూ, దీని వెనుక ఉన్నదెవరో మీకు తెలియకుండా ఉండదు, వ్రాయండి’ అని నిలదీశారు.

వ్రాస్తున్నాను. అక్షరాలు గీత దాటి ఎగురుతున్నాయి, క్షమించండి. ముందుగా ఒక్క సంగతి. మా ఊరివాళ్ళు మాట తప్పలేదు. తప్పలేరు గనుకనే ఇదంతా జరిగింది. అల్లుడుగారూ, నా జీవితమంతా పిల్లలకు పౌరధర్మాలు బోధించాను. అవి కాళ్ళు వచ్చి నడవడం మాత్రం మొన్ననే చూశాను. మీకు చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మీరు సభ పెట్టిన సాయంకాలాన్ని మీరు వేదిక మీది నుంచి చూశారు. చాపల మీది నుంచి అది ఎట్లా కనిపించిందో చెబుతాను. తెర మీద బొమ్మలాడించే వ్యాను మా పల్లెకు రావడం అదే మొదలు. మగవాళ్ళంతా చావిడి ముందు కూర్చున్నారు. ఆడవాళ్ళు మిద్దెలెక్కి, పిట్టగోడల మీద గడ్డాలు ఆనించుకొని చూశారు. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. నా అధ్యక్షోపన్యాసం గంటకు పైగా సాగింది. అందులో ఒక్క దుష్టసమాసం కూడా దొర్లలేదని నేనే చెప్పుకోవడం బాగుండదు గాని, మరెవ్వరూ చెప్పలేదు గనుక చెబుతున్నాను. మీరు కూడా బాగా మాట్లాడారు. ఏటేటా కని నీరసించే తల్లుల గురించి మాట్లాడినప్పుడు మిద్దెల మీది తలలు ఇంకా ముందుకు వంగాయి. ఆ మాటలతో నాకు ఏ విరోధమూ లేదు. పిల్లలు పెరిగిన కొద్దీ పొలం సాగదని లెక్కల తరగతిలో నేనే చెప్పినవాణ్ణి.

సభ ముగిసింది. మీరు, మీ కృష్ణా జిల్లా మర్యాద ప్రకారం, పళ్ళెంలో ఆకులూ వక్కలూ పెట్టించి, వచ్చిన ప్రతి మగవాని ముందుకూ వెళ్ళి మీ చేతులతో తాంబూలం చాపారు. మీ వైపు సభ అయిందంటే తాంబూలం; నములుకుంటూ ఇంటికి పోతారు. ఇక్కడ అట్లా కాదు. ఇక్కడ నలుగురి ఎదుట ఒక విషయం ప్రస్తావించి, దాని మీద వక్కాకు చాపితే, ఎత్తుకొన్నవాడు ఒప్పుకొన్నట్టు. పెండ్లి సంబంధమూ అంతే, ఎద్దుల బేరమూ అంతే, అన్నదమ్ముల పంపకమూ అంతే. వ్రేలిముద్ర వేసినవాడు కోర్టుకు పోయి కాదనవచ్చు గాని, వక్కాకు ఎత్తుకొన్నవాడు కాదనలేడు.

మరి ఎందుకు ఎత్తుకొన్నారంటారా? అయ్యవారి అల్లుడు, అధికారి, స్వయంగా వంగి ఇస్తూ ఉంటే వద్దని చేయి ముడుచుకోవడం ఎట్లా? మొదటివాడు మొహమాటపడ్డాడు, రెండవవాడు మొదటివాణ్ణి చూశాడు, మూడవవాని నుంచి ఎవ్వరూ ఆలోచించలేదు. అంతెందుకు, నేను కూడా ఎత్తుకొన్నాను! మరునాడు నీళ్ళబావి దగ్గర అదే నవ్వులాట. “అయ్యోరు గూడా ఎత్తుకున్యాడంట, ఆపరేషనుకు పోక తప్పదు పాపం!” అని. ఇంటికి వస్తే మీ అత్తగారు, “బండిలో ముందు సీటు మీకే ఇడుస్తారు లెండి, అధ్యక్షులు గదా,” అన్నది.

ఇంతవరకు జరిగింది పొరపాటు. మీకు ఈ ప్రాంతపు ఆచారం తెలియదు, మీ తప్పేమీ లేదు. కాని రెండు రోజుల తరువాత మా కరణం నంద్యాలకు వచ్చినప్పుడు మీకు అంతా విడమరచి చెప్పాడట. “వక్కాకు ఎత్తుకున్యారంటే ఇంగ మాటిచ్చినట్లే సారూ, సచ్చినా తప్పరు,” అన్నాడట. ఆ మాట అతడే వచ్చి నాతో గర్వంగా చెప్పుకొన్నాడు. అప్పుడు మీరేమి చేశారు? సంతోషించారు. గ్రామస్థులందరూ ఏకగ్రీవంగా అంగీకరించారని పైకి నివేదించి, లారీ ఏర్పాటు చేశారు. తెలియక ఇచ్చినది పొరపాటు. తెలిసిన తరువాత వాడుకొన్నదానికి వేరే పేరు ఉన్నది. అల్లుడు గనుక ఆ పేరు వ్రాయను.

ఆ నలభైమందిలో గొర్రెలు కాసే మద్దిలేటి ఒకడు. అతని భార్య బాలమ్మ. వాళ్ళకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరినీ ఒకే వారంలో గత్తర, అదే కలరా, తీసుకుపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఉయ్యాల కొక్కెం ఖాళీగానే ఉన్నది. మీ వాళ్ళు ‘ఎందరిని కన్నావు’ అని అడిగారు, అతడు ఇద్దరిని అని చెప్పాడు. ఇద్దరిని కన్నవాడు మీ నిబంధనకు సరిపోయాడు. బ్రతికినవాళ్ళెందరని ఎవ్వరూ అడగలేదు.

లారీ వస్తున్నదని చాటింపు వేసిన రోజున అతణ్ణి ఇంటికి పిలిపించాను. నీవు పోవద్దురా, నేను మా అల్లునితో మాట్లాడుతాను అని చెప్పాను. వాడు గడప దగ్గర గొంగడి సర్దుకొని నిలబడ్డాడు.

“నాకిష్టమా లేదా అనేది గాదయ్యోరా. నలుగుర్లో ఎత్తుకుంటి. ఎనిక్కి పోతే రేపు నా మంద కాడికి ఎవురొస్తారు? మద్దిలేటిగాడు ఆకు నమిలి మాట మింగినాడంటారు.”

బిడ్డలు లేకుండా పోతారు గదరా అన్నాను.

“పోతే పోనీ. నాకు గొర్రెపిల్లలుండాయి,” అన్నాడు. కాని ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

అదే సమయంలో లోపల వంటింట్లో బాలమ్మ మీ అత్తగారి ముందు కూర్చొని ఉన్నదని నాకు తరువాత తెలిసింది. “ఆకు నమిలిందేమో ఆయప్ప, ఎండేదేమో నా కడుపు. ఇదేం నాయమమ్మా? నేను దేవునికి మొక్కుకోవల్లనా, లారీకి మొక్కుకోవల్లనా?” అన్నదట.

నేను ఊరుకోలేకపోయాను. ఊరి తగవులు తీర్చే పెద్దరెడ్డి వద్దకు పోయి, లారీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం చావిడిలో పంచాయతీ కూర్చోవాలని పట్టుబట్టాను. జొన్నకోతల సమయమయినా పనులు మానుకొని అందరూ వచ్చారు. ఆడవాళ్ళు యథాప్రకారం మిద్దెలెక్కారు.

పెద్దరెడ్డి మొదట సూటిగా విషయానికి వచ్చాడు. “ఎత్తుకుండే వక్కాకు తిరిగిచ్చేస్తే మాట తీరిపోతాది. అది మన తాతల నాటి నుంచి ఉండేదే. కానీ మీరంతా నమిలేస్తిరే! ఇప్పుడు యాడనుంచి తెచ్చిస్తారప్పా?”

వెనుక నుంచి ఎవడో అందుకొన్నాడు: “నా ఆకు చావిడి గోడ మిందుంది రెడ్డీ, ఆ పొద్దే ఉమ్మేస్తి. గీక్కొని తెచ్చేదా?”

మిద్దెల మీద నవ్వులు. మరొకడు లేచి, కొత్త వక్కాకు కొని ఇచ్చేస్తే సరిపోదా అన్నాడు. “నీ ఎద్దును అమ్మినాక ఇంగో ఎద్దును చూపిచ్చి అదే ఇది అంటే ఒప్పుకుంటావా?” అని పెద్దరెడ్డి వాణ్ణి కూర్చోబెట్టాడు.

అప్పుడు నేను లేచాను. వ్యక్తిస్వాతంత్ర్యము, రాజ్యాంగము ప్రసాదించిన హక్కులు, నిర్బంధముచేత పొందిన అంగీకారము అంగీకారమే కాదనే సూత్రము — వీటిని ఒక క్రమంలో, ఉపపత్తులతో సహా వివరించాను. ఇంత చక్కని ఉపన్యాసం నేను ఎన్నడూ ఇవ్వలేదు. ముగించి కూర్చోగానే పెద్దరెడ్డి ఎంతో మర్యాదగా, “అయ్యోరా, నీ మాటలు శానా బాగుండాయి. అర్థమైంటే ఇంగా బాగుండు,” అన్నాడు.

మీరు నవ్వకండి. ఆ సమయంలో నాకు నవ్వు రాలేదు. మద్దిలేటి లేచి గొంగడి దులుపుకొన్నాడు. “ఇంగెందుకు రెడ్డీ ఈ మాటలు? రేపు పొద్దున్నే ఎక్కుతాం. మంద ఎండకు పడింది, పోవల్ల,” అన్నాడు. సభ చెదరబోయింది. అంతా అయిపోయిందనుకొన్నాను.

అప్పుడు మిద్దె మీది నుంచి గుల్జార్‌బీ గొంతు వినిపించింది. గుల్జార్‌బీ గాజులమ్మే మనిషి. ఊళ్ళో ఆమె చేతిలో పడని మణికట్టు లేదు, ఆమెకు తెలియని ఇల్లు లేదు. ఆమెకు ఏడుగురు పిల్లలు.

“ఓ రెడ్డీ! ఈ మాటంతా దేని మింద? పిల్లోళ్ల మిందనే గదా? పిల్లోళ్లు యాడ పుడతారు, మీ రుమాళ్లలోనా?”

చావిడి అంతా గొల్లుమన్నది. రుమాలు చుట్టుకొన్నవాళ్ళు తలలు తడుముకొన్నారు. ఆ నవ్వు ఇంకా ఆగక ముందే బాలమ్మ నిచ్చెన దిగి వచ్చింది. అల్లుడుగారూ, ఆ చావిడి అరుగు దగ్గరకు ఒక స్త్రీ నడిచి రావడం నేను ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి చూడలేదు. తిన్నగా మగని ముందు నిలబడ్డది. పెద్దరెడ్డినీ చూడలేదు, నన్నూ చూడలేదు.

“నేనొకటడుగుతా, చెప్పు. మన పెండ్లికి వక్కాకు ఎవురెత్తుకున్యారు?”

మద్దిలేటి, ఇది ఇక్కడ అడగవలసిన మాటా అన్నట్టు చూశాడు. “మా నాయన,” అన్నాడు.

“మీ నాయన ఒక్కడేనా?”

“మీ నాయన గూడా.”

“మా నాయన ఎత్తుకోకుండా ఉంటే?”

“ఎత్తుకోకుంటే ఇంగ పెండ్లి యాడిది?”

అన్నాడు గాని, అన్న తరువాత నోరు మూసుకోవడం మరచిపోయాడు. తన మాట తనకే వినిపించింది.

“మరి ఇదేం వక్కాకప్పా? ఒక పక్కోళ్లే ఎత్తుకుండేది? మేము మిద్దె మింద ఉంటిమి. పళ్లెం మా దాకా వచ్చిండెనా? వచ్చింటే నేను ఎత్తుకుందునో, ఇడుద్దునో. నన్నెవురడిగిరి?”

అంతే, మిద్దెల మీద మొదలయింది చూడండి! “మాకు యాడ ఇచ్చిరి?” అని ఒకరు, “మమ్మల్నెవురడిగిరి?” అని ఒకరు, ఈ మిద్దె నుంచి ఆ మిద్దెకు ఆ మాట అందుకొంటూ పోయింది. నేను గంటసేపు రాజ్యాంగంలో వెదకినది వాళ్ళ పెండ్లిండ్లలోనే ఉన్నది! నా కంటే తెలిసినవాళ్ళని కాదు. నాకు కూడా తెలిసిన ఆచారమే. నా పెండ్లికీ ఇరువైపులవాళ్ళూ ఎత్తుకొన్నారు. కాని ఆ రోజు ఆ ప్రశ్న అడగవలసిన అవసరం బాలమ్మకు ఉన్నది.

పెద్దరెడ్డి చాలాసేపు మీసం నిమురుకొన్నాడు. తరువాత అరుగు మీద అరచేత్తో కొట్టి, “ఒక పక్కోళ్లు ఎత్తుకుంటే అది మాట గాదు. ఆకు నమిలినట్లు, అంతే. లెయ్యండి,” అన్నాడు.

మద్దిలేటి ఏడ్చాడో నవ్వాడో నేను నిశ్చయంగా చెప్పలేను. గొంగడి ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు.

మీరు ఇక్కడ ఆగి, ‘చూశారా, పంచాయతీ పేరుతో శిబిరాన్ని చెడగొట్టారు’ అంటారు. ఆగకండి, ఇంకా ఉన్నది. సభ లేస్తూ ఉంటే గుల్జార్‌బీ మళ్ళీ అరిచింది. “వద్దనేటోళ్ల మాట అయిపాయ. కావల్లనేటోళ్ల సంగతేంది? ఏడుగుర్ని కంటి, నడుము ఇరిగింది. మా ఆయప్ప ఆ పొద్దు డోన్ సంతకు పోయిండె, ఆయప్పకు మీరు వక్కాకియ్యలే. మరి నాకెప్పుడిస్తారు?”

దానికి జవాబు మరునాడు ఉదయం దొరికింది.

తెల్లవారి లారీ వచ్చేసరికి చావిడి అరుగు మీద ఒక ఇత్తడి పళ్ళెం ఉన్నది. అందులో ఆళ్ళగడ్డ నుంచి తెప్పించిన లేత ఆకులు, జతలు జతలుగా, జతకు రెండు వక్కలు. పెద్దరెడ్డి షరతు చెప్పాడు. మగనికి ఒక ఆకు, పెండ్లానికి ఒక ఆకు. ఇద్దరూ ఎత్తుకొంటే లారీ. ఏ ఒక్కరు ఎత్తుకోకపోయినా ఇల్లు. ఎందుకు ఎత్తుకోలేదని ఎవ్వరూ అడగకూడదు, వెక్కిరించకూడదు.

ఎవరు ముందు వస్తారని అందరూ ఒకరి ముఖం ఒకరు చూస్తుండగా గుల్జార్‌బీ భర్త అమీర్ బాషా, ఈ వారపు సంత కూడా ముగించుకొని డోన్ బస్సు దిగి, సంచి భుజాన ఉండగానే అటు నడిచి వచ్చాడు. ఆమె ఒక ఆకు తాను ఎత్తుకొని రెండవది అతని చేతిలో పెట్టబోయింది.

“ఏందే ఇది?”

“ఎనిమిదోది వద్దనేదానికి.”

“నన్నడక్కుండానేనా?”

“ఇప్పుడడుగుతాండా గదా! నన్ను ఏడు తూర్లు ఎవురడిగిరి?”

అమీర్ బాషా సంచి దించాడు. చుట్టూ చూశాడు. “అరె, అడిగేది ఇంటికాడ అడగరాదా?” అని గొణిగాడు గాని, ఆకు ఎత్తుకొన్నాడు. గుల్జార్‌బీ తన గాజుల మూటను కూడా లారీలోకి విసరింది. ఎట్లాగూ నంద్యాలకు పోతున్నప్పుడు వట్టిచేతులతో పోవడమెందుకని. మీకు కోపం తెప్పించిన గాజుల మూట వృత్తాంతం ఇది.

తరువాత ఒక్కొక్కరే వచ్చారు. ఒక ఇంట్లో మగడు ఎత్తుకొన్నాడు, పెండ్లాం చేతులు వెనుక పెట్టుకొన్నది. ఆతడు ఆకును పళ్ళెంలో తిరిగి పెట్టి హాయిగా ఊపిరి పీల్చుకొన్నాడు. మరొక ఇంట్లో పెండ్లాం ఎత్తుకొన్నది, మగడు కదలలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళతో ఆకును తిరిగి పెట్టింది. ఆ దృశ్యం నాకు ఇంకా ముల్లులాగా ఉన్నది. ఈ పద్ధతిలో అందరికీ న్యాయం జరుగుతుందని నేను అనడం లేదు. కాని ఆమెకు కావలసినదేమిటో ఆ ఊరికి మొట్టమొదటిసారిగా తెలిసింది. ఆమె మగనికి కూడా తెలిసింది; సాయంకాలం అతడు మా ఇంటి ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగిపోయాడు.

మద్దిలేటీ బాలమ్మా వచ్చారు. బాలమ్మ పళ్ళేనికి దండం పెట్టింది, ఎత్తుకోలేదు. మద్దిలేటి ఆమె వైపు చూసి, “పోదాం పా, గొర్రెలు అరుస్తాండాయి,” అన్నాడు. ముందు అతడు, వెనుక చద్దిమూటతో ఆమె. వాళ్ళు చేను గట్టు మలుపు తిరిగే వరకు నేను చూస్తూనే ఉన్నాను.

చివరకు మీ అత్తగారు పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, “మీరొకసారి ఎత్తుకొని ఉన్నారు. నన్నేం చేయమంటారో చెప్పండి,” అని అందరి ఎదుటా అడిగింది. లారీ డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి నవ్వాడు. ఈ వయస్సులో నాకు కలిగిన ఆ అవమానాన్ని కూడా నేను సంతోషంగా భరించాను.

లారీ కదిలేటప్పుడు ఆడవాళ్ళు పాట ఎత్తుకొన్నారు. మగవాళ్ళను ఒంటరిగా పంపేది లేదని పట్టుబట్టి వాళ్ళే ఎక్కారు. అవి బలిమికి పోయేవాళ్ళ ముఖాలు కావు, అల్లుడుగారూ. మీరు వాళ్ళను లెక్కపెట్టారు. ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.

మీ పైవాళ్ళకు సంఖ్య కావాలని నాకు తెలుసు. ఒక్కొక్క ఇంటినీ అడుగుతూ కూర్చుంటే దేశం ఆగుతుందా అని మీరు అంటారు. ఆగదు. కాని ఆ దేశం ఎవరు? చావిడి ముందు కూర్చొన్నవాళ్ళేనా, మిద్దె మీద ఉన్నవాళ్ళు కూడానా? ప్రభుత్వం బావి త్రవ్వించవచ్చు, రోడ్డు వేయవచ్చు, మందులు పంపవచ్చు, డాక్టరును పంపవచ్చు. నలభై ఊళ్ళకు వ్యాను పంపి చెప్పవలసినదంతా చెప్పవచ్చు. ఆ తరువాత పళ్ళెం పెట్టి ప్రక్కకు తప్పుకోవాలి. కనమని గాని, కనవద్దని గాని ఒక స్త్రీకి ఆజ్ఞాపించే అధికారం ఏ కచేరీకీ లేదు. మొహమాటంతో వచ్చిన నలభైమంది మరునాటి నుంచి మిమ్మల్ని చూసి దారి తప్పుకొంటారు. మనసారా వచ్చిన పది జంటలు ఇంటింటికీ మీ మాట మోస్తారు. నిజానికి మోస్తున్నారు. గుల్జార్‌బీ మొన్న సంజామల వైపు గాజులమ్మడానికి పోయి, అక్కడి ఆడవాళ్ళకు ఈ కథంతా చెప్పి వచ్చింది. అక్కడివాళ్ళు ఇప్పుడు అడుగుతున్నదేమిటో తెలుసా? లారీ ఎప్పుడు వస్తుందని కాదు. పళ్ళెం ఎప్పుడు వస్తుందని!

ఇంత సంతోషం నాకు ఏ పరీక్షా ఫలితాల నాడూ కలగలేదు. మీరు కూడా సంతోషించాలని నా కోరిక. ఇంతటితో విరమిస్తున్నాను.

ఇట్లు,
మీ శ్రేయస్సును సదా కోరు
మామ,
జకరయ్య

తా.క.: దీని వెనుక ఉన్నదెవరని మీరు అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు వ్రాయలేదు. పెండ్లి వక్కాకు మాట బాలమ్మదే, ఎవ్వరూ నేర్పలేదు. పళ్ళెం మాత్రం మీ భార్య అరుణకుమారిది. ఆళ్ళగడ్డకు మనిషిని పంపి ఆకులు తెప్పించినదీ, తుడిచి జతలు కట్టినదీ, పెద్దరెడ్డి ఇంటికి పోయి షరతులు చెప్పి ఒప్పించినదీ ఆమెయే. నేను ఆమె తండ్రిని అయి ఉండీ మరునాటి వరకు ఎరుగను.

అందరూ ఎత్తుకొన్న తరువాత పళ్ళెంలో ఒక జత మిగిలింది. అరుణకుమారి వచ్చి అందులో ఒక ఆకు ఎత్తుకొన్నది. “నీ మగడు యాడమ్మా?” అని గుల్జార్‌బీ అడిగింది. “నంద్యాలలో, మీకందరికీ చెప్పే పనిలో ఉన్నాడు,” అని ఆమె అన్నది. ఈసారి ఎవ్వరూ నవ్వలేదు.

నాలుగవ కానుపులో మా బిడ్డ మూడు రోజులు స్పృహ లేకుండా ఉన్నది. మళ్ళీ కానుపు వద్దని డాక్టరమ్మ మీ ఇద్దరి ఎదుటా చెప్పింది. అయినా, ఈసారి తప్పక మగపిల్లవాడే అని మీరూ, మీ అమ్మగారూ నిశ్చయించుకొన్నారు. ఈ సంగతి ఆమె మాతో ఇన్నాళ్ళూ అనలేదు. ఆ పళ్ళెం ముందు అన్నది. మా ఊరిలో మీరు కనవద్దన్నారు, మీ ఇంట్లో కనమన్నారు. రెండు చోట్లా అడగవలసినవాళ్ళను అడగలేదు.

ఆ జతలోని రెండవ ఆకును తడిగుడ్డలో చుట్టి వక్కతో సహా ఈ కవరులో పెట్టాను. అది మీది. ఎత్తుకొంటే నంద్యాల శిబిరం మీకు దూరం కాదు. ఎత్తుకోకపోతే తిరిగి పంపండి; మేము నిందించము, అరుణకుమారి సెలవులు కాగానే పిల్లలతో మీ ఇంటికే వస్తుంది. కాని ఐదవ కానుపుకు ఆమె ఏ వక్కాకూ ఎత్తుకోలేదు, ఎత్తుకోదు. ఇది మీకు తెలియజేయమని ఆమె కోరింది.

మీ అమ్మగారికి, అంటే మా వదినగారికి, చదువు రాదు. ఆమె తొమ్మిదిమందిని కని ఐదుగురిని మట్టికి ఇచ్చింది. ఆమె ముందుకు ఎవ్వరూ ఏనాడూ పళ్ళెం తెచ్చి ఉండరు. కనుక మీరు నిర్ణయించుకొనే ముందు ఆమె ప్రక్కన కూర్చోండి. కూర్చొని, ఈ ఉత్తరాన్ని మొదటి నుంచి ఈ చివరి మాట వరకు, ఏ వాక్యాన్నీ మ్రింగకుండా, ఆమెకు వినపడేటట్లు బిగ్గరగా చదవండి.